తారు దిగని మనిషి

కొత్తపాళెం హజరత్తయ్యకు సైకిలు వచ్చిన ఏడాదే ఇల్లు నిలదొక్కుకుంది. అంతకుముందు పాల బిందెలు కావడికి వేలాడదీసుకుని, కోడి కూయకముందే ఇల్లు వదిలి నెల్లూరికి నడిచేవాడు. ఎండాకాలంలో హోటలు చేరేసరికి పాలు విరిగిపోయేవి. వంటమనిషి మూత తీసి వాసన చూసి, ఒక్క మాటా అనకుండా సందులో పారబోసేవాడు. ఖాళీ బిందెలు భుజాన వేసుకుని మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరిన మనిషికి ఇక పొలం పనికి ఓపిక ఎక్కడిది? ఉన్న రెండు కయ్యలూ గడ్డి మొలిచి పడుండేవి.

సైకిలు వచ్చాక పొద్దు పొడిచేసరికి పాలు హోటల్లో ఉండేవి. ఎండ ముదరకముందే మనిషి తిరిగొచ్చి చేలో దిగేవాడు. ఒకసారి కూతురు చెంచులక్ష్మికి జ్వరంలో మూర్ఛ వచ్చి కళ్ళు తేలవేస్తే, బిడ్డను పైపంచెతో వీపుకు కట్టుకుని నెల్లూరు దాకా ఊపిరి బిగబట్టి తొక్కాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. ఆ రోజు ఇంటికి వచ్చాక హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ సైకిలు హ్యాండిలుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ సైకిల్ని కావలి టౌనంతా గాలించి వెదికి కొనిపెట్టింది ఆమె తమ్ముడు పోలేరయ్యే. ఆ మాట వచ్చినప్పుడల్లా పోలేరయ్య మీసం దువ్వుకునేవాడు.

అప్పటికి ఆ దారికి తారు పడి ఎన్నో ఏళ్ళు కాలేదు. సముద్రం వైపు నుంచి తోటపల్లి గూడూరు మీదుగా నెల్లూరు పోయే రోడ్డు అది. నడుమ ఒక బస్సు పట్టేంత తారు, ఇరుపక్కలా మట్టి, కుడివైపు మట్టిని ఆనుకునే పంట కాలువ. ఎద్దుల బండ్ల ఇనప చక్రాలు రాసుకుని రాసుకుని తారు అంచు తెగి, కింది మట్టికీ తారుకూ మధ్య జానెడు మెట్టు పడింది. బస్సు వస్తే సైకిలు వాడు ఆ మెట్టు దిగాలి. బరువుతో దిగేటప్పుడు చక్రం మెలి తిరిగిందా, మనిషి ఒకవైపు, సైకిలు మరోవైపు.

ఆ దారిన పొద్దున్నే నెల్లూరు పోయే మొదటి బస్సుకు డ్రైవరు గంగులయ్య. ఒకరోజు వెనక నుంచి వచ్చి హారను కొట్టీ కొట్టకముందే హజరత్తయ్య మోచేతిని రాసుకుంటూ పోయాడు. హజరత్తయ్య మట్టిలో పడ్డాడు. పాలన్నీ నేలపాలయ్యాయి. మణికట్టు విరిగింది. బస్సు ఆగలేదు. కిటికీల్లోంచి ఎవరో నవ్వారు.

చేతికి కట్టు కట్టించుకుని హజరత్తయ్య బస్టాండుకు వెళ్ళాడు. తగువుకు కాదు, అడగాలని. గంగులయ్య బస్సు మెట్టు మీద కూర్చుని ఆకు నములుతున్నాడు.

"ఏమన్నా, మనిషి పడితే ఆపి చూడొద్దా?" అన్నాడు హజరత్తయ్య.

"ఈ తారు బస్సులకేసింది రా అబ్బయ్యా. నీ డొక్కు సైకిలుకు మట్టి చాల్దా?" అన్నాడు గంగులయ్య, పక్కకు ఉమ్మేసి.

చుట్టూ ఉన్న కండక్టర్లు, కూలీలు, సోడా బండి వాడు అందరూ గొల్లుమన్నారు. హజరత్తయ్య అక్కడి నుంచి వచ్చేశాడు. విరిగిన ఎముక నెలా నెలన్నరలో అతుక్కుంది కానీ ఆ నవ్వు మాత్రం లోపల ఎక్కడో ఇరుక్కుని ఉండిపోయింది.

మళ్ళీ సైకిలెక్కిన మొదటి రోజే తేల్చుకున్నాడు. ఇక తారు దిగకూడదు.

వెనక బస్సు చప్పుడు వినబడేది. హారను మోగేది. హజరత్తయ్య తల తిప్పేవాడు కాదు. పక్కకు జరిగేవాడు కాదు. తారు నడుమన, ఒకే తీరున తొక్కుకుంటూ పోయేవాడు. గంగులయ్య హారను మీద చెయ్యి తీయకుండా మీది మీదికి వచ్చి, వీపుకు ఇంజను వేడి తగిలేదాకా వచ్చి, అప్పుడు బ్రేకు మీద నిలబడేవాడు. బస్సు కీచుమని అరిచేది. లోపల జనం ముందుకు తూలేవారు. తూము దగ్గర రోడ్డు వెడల్పయ్యేదాకా బస్సు సైకిలు వెనకే పాకేది. అక్కడ దాటుతూ గంగులయ్య తిట్టే తిట్లు ఊరంతా కంఠతా పట్టింది.

ఊరికి ఇదొక వేడుకైంది. అందరికన్నా పోలేరయ్యకు సంబరం. అతనిది అదే రోడ్డు మీద ఇంకాస్త తూర్పున, సముద్రం వైపు ఉండే ఊరు. పనున్నా లేకున్నా నెల్లూరు బస్సెక్కేవాడు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుని, బావ కనిపించగానే తల బయట పెట్టి కేకేసేవాడు.

"మా బావ దిగడు లేవో! బ్రేకు మింద కాలు పెట్టుకో గంగులన్నా!"

సాయంత్రం కొత్తపాళెం టీ అంగట్లో అదంతా ఆడి చూపించేవాడు. గంగులయ్య కళ్ళు ఎట్లా ఉరిమాయో, స్టీరింగును ఎట్లా గుద్దాడో. గ్రామ మునసబు పద్మనాభయ్య అంతటివాడు కూడా అరుగు మీద కూర్చుని విని నవ్వుతూ, "మగాడంటే మీ బావేరా" అన్నాడు ఒకసారి. ఆ మాట పోలేరయ్య మోసుకొచ్చి చెబితే హజరత్తయ్య ఆ రాత్రి అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఆదిశేషమ్మకే ఈ ఆట గిట్టలేదు.

"ఏమయ్యా, కాస్త దిగితే నీ సొమ్మేం పోతాది?"

"దిగినోడే గదా చచ్చింది. ముత్యాలయ్య దిగలా?"

పక్క ఊరి చాకలి ముత్యాలయ్య బట్టల మూటతో పోతూ, హారను వినగానే బుద్ధిగా పక్కకు దిగాడు. ఆ మెట్టు దగ్గరే సైకిలు జారి బస్సు వెనక చక్రం కిందికి పోయాడు. దిగినా చావే, దిగకున్నా చావే అయినప్పుడు దిగకుండా చావడమే మేలని హజరత్తయ్య వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ ముత్యాలయ్య చావక ముందు నుంచే అతను దిగడం లేదని ఆమెకు తెలుసు.

"నేను రోడ్డు మింద పోతాండా, వాడి నెత్తి మింద కాదు. రోడ్డుకు సెస్సు నేను గూడా కడతాండా," అన్నాడు.

"నీ న్యాయం నాకు కూడు పెట్టదయ్యా. నువ్వు పెట్టాల," అని ఆమె లోపలికి పోయింది.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరపి లేకుండా కురిసింది. కయ్యలూ కాలువా ఏకమయ్యాయి. మూడో పొద్దుకు వాన వెలిసింది. తుఫాను తీరం దాటాక గాలి దిక్కు మారి పడమట నుంచి కొట్టసాగింది. పాలు పోయక రెండు రోజులైందని హజరత్తయ్య తెల్లవారుతూనే బయలుదేరాడు. ఎదురుగాలికి సైకిలు ముందుకు సాగడం లేదు. ఇరువైపులా మట్టి నాని, పిసికిన పిండిలా ఉంది. కాలువ గట్లు ఒరుసుకుంటూ ఎర్రగా పారుతోంది.

ఊరు దాటి కొంత దూరం పోయాక వెనక హారను మోగింది.

విన్నాడు. గాలి ఎదురుగా కొడుతున్నా విన్నాడు. ఎప్పుడూ వినే హారను లాగా లేదది. గంగులయ్య హారను తిట్టులాగా ఉంటుంది. ఇది ఆగి ఆగి, తలుపు తట్టి పిలిచినట్టుంది. ఏందో వింతగా ఉందే అనుకున్నాడు. అనుకున్నా తల తిప్పలేదు. తిప్పితే ఓడినట్టు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా తిప్పలేదు. గంగులయ్య ఈ రోజు కొత్త ఎత్తు వేస్తున్నాడనుకుని, హ్యాండిలు గట్టిగా పట్టుకుని తారు నడుమనే తొక్కాడు.

బస్సు మీది మీదికి రాలేదు. వేగం తగ్గింది. తగ్గి, మెల్లగా కుడివైపుకు తిరిగింది. హజరత్తయ్య పక్కగా బస్సు ముక్కు కనిపించింది. తారు దిగి, కుడి చక్రాలు కాలువ పక్క మట్టి మీద పెట్టి, అతనికి దారి విడిచి దాటుతోంది. బస్సు తారు దిగడం అతను ఎన్నడూ చూడలేదు. అద్దం వెనక కనిపించింది గంగులయ్య కాదు. ఎవరో సన్నపాటి మనిషి, మెడ చాచి ముందుకు చూస్తూ.

"బావా! దిగిందిరా బస్సు! బస్సే దిగింది!"

ఎడమ కిటికీలో పోలేరయ్య. నడుం దాకా బయటికి వంగి, చెయ్యి ఊపుతూ నవ్వుతున్నాడు.

అప్పుడే కుడి చక్రాల కింద మట్టి కుంగింది. బస్సు కాస్త ఒరిగి, ఆలోచిస్తున్నట్టు ఒక్క క్షణం అట్లాగే ఆగింది. తర్వాత గట్టు మొత్తం విరిగి జారింది. పోలేరయ్య ముఖం ఆకాశం వైపు తిరిగి, మరుక్షణం కనబడకుండా పోయింది. నాలుగు చక్రాలూ పైకి లేచి, ఇంకా తిరుగుతూ ఉన్నాయి. ఎర్రనీళ్ళు వాటి చుట్టూ సుడి తిరిగాయి.

హజరత్తయ్య సైకిలు వదిలేసి కాలువలో దూకాడు. చేతికందిన వాళ్ళనందరినీ లాగాడు. ఎవరిని లాగుతున్నాడో చూడలేదు. డ్రైవరు కాలు స్టీరింగుకూ సీటుకూ మధ్య నలిగి ఉంటే, మునిగి మునిగి దాన్ని విడిపించి గట్టుకు చేర్చాడు. "పోలేరా, పోలేరా" అని అరుస్తూ మళ్ళీ మళ్ళీ మునిగాడు. చేలలోంచి జనం మోకులు తెచ్చి, ఎడ్లను కట్టి బస్సును పక్కకు లాగేసరికి పొద్దెక్కింది. ఇద్దరు పోయారు. ఒకరు కంటి వైద్యానికి నెల్లూరు బయలుదేరిన ముసలమ్మ, వెంకటశేషమ్మ. రెండో మనిషి పోలేరయ్య. బయటికి వంగిన నడుం మీద బస్సు పడింది.

పోలీసులు రాకముందే పద్మనాభయ్య హజరత్తయ్యను పక్కకు పిలిచాడు.

"చూడు, నువ్వు దూరంగా పోతాండావు. వెనక చప్పుడైతే తిరిగి చూసినావు. అంతే. ఇంకో మాట మాట్లాడబాక."

"అయ్యా, హారను..."

"గాలికి ఏం వినబడతాది? సైకిలు తొక్కేది తప్పా? పోయినోళ్ళు పోయినారు. ఊరి మనిషిని నిన్ను గూడా పోగొట్టుకోమంటావా?"

హజరత్తయ్య తల ఊపాడు. పోలీసులకు అట్లాగే చెప్పాడు. వాళ్ళు రాసుకున్నారు. తన బస్సు మీదికి తప్పు రాకుంటే చాలని బస్సు యజమాని కూడా అదే కోరుకున్నాడు. డ్రైవరు నిర్లక్ష్యంగా మట్టిలోకి దించాడని కేసు కట్టారు. ఆ రోజు గంగులయ్యకు జ్వరమట. బదులుగా వచ్చిన కొత్త డ్రైవరు పేరు సమాధానం. ఆ రోడ్డు మీద జరిగే ఆట సంగతి అతనికి తెలియదు.

కర్మకాండలు ముగిసేదాకా ఆదిశేషమ్మ పుట్టింట్లోనే ఉంది. తిరిగొచ్చిన రోజు బర్రెకు గడ్డి వేసి, చేతులు కడుక్కుని, భర్త ఎదురుగా నిలబడింది.

"హారను వినబడిందా?"

హజరత్తయ్య నేల చూశాడు.

"నిన్నే అడగతాండా. వినబడిందా?"

"వినబడింది."

ఆమె ఏడవలేదు. అరవలేదు. పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రోజు నుంచి అతనికి అన్నం వడ్డించేది, నీళ్ళు తోడేది, బిడ్డ తల దువ్వేది. అతనితో మాత్రం మాట్లాడేది కాదు. ఊళ్ళో అందరూ అతన్ని ఓదార్చేవాళ్ళే. "నీ తప్పేముందిరా, నీ దారిన నువ్వు పోతాండావు" అనేవాళ్ళు. ఆ మాటలు విని ఇంటికి వస్తే ఇంట్లో ఆ మౌనం. రెండింటిలో ఏది నిజమో అతనికి తెలుసు.

డ్రైవరు కాలు తీసేశారని హోటల్లో ఎవరో చెప్పుకుంటుంటే చెవిన పడింది. హజరత్తయ్య క్యాన్లు అక్కడే పెట్టి ఆసుపత్రికి నడిచాడు. ఎందుకు పోతున్నాడో అతనికే తెలియదు.

సమాధానం గోడ వార మంచం మీద ఉన్నాడు. పక్కన భార్య ప్రేమలీల గ్లాసులో గంజి చల్లారుస్తోంది. హజరత్తయ్యను చూడగానే అతను లేవబోయాడు.

"కాలవలో నుంచి నన్ను లాగింది నువ్వే గదన్నా? నీ మొహం గుర్తుండాది. ప్రేమా, ఈ అన్నే."

ప్రేమలీల గ్లాసు కింద పెట్టి చేతులు జోడించింది. హజరత్తయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"సైకిలు మింద పోతాండింది గూడా నేనే," అన్నాడు.

"తెలుసన్నా. నేనూ నాలుగేండ్లు సైకిలు తొక్కినోణ్ణే, కావల్లో. బరువుతో ఆ మెట్టు దిగితే ఏమవతాదో నాకు తెలీదా? గాలికి నీకు హారను వినబళ్ళేదు, పాపం. ఉలిక్కిపడి కింద పడతావేమోనని నేనే దిగినా. మట్టి అంత నానిందని అనుకోలా."

ఆ మనిషి గొంతులో కోపం లేదు. నిందా లేదు. తనకు తానే సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ఆ మంచం మీద ఉన్నది గంగులయ్య అయినా బాగుండేదనిపించింది హజరత్తయ్యకు.

"వినబడిందయ్యా," అన్నాడు. "వినబడింది. గంగులయ్య అనుకున్నా. కావాలనే దిగలా."

డ్రైవరుకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందు కొద్దిగా నవ్వబోయాడు, ఏదో వేళాకోళం అన్నట్టు. తర్వాత హజరత్తయ్య ముఖం చూశాడు. చూసి చూసి, తల గోడ వైపు తిప్పుకున్నాడు.

"నువ్వు పోన్నా," అంది ప్రేమలీల. ఆమె చేతులు ఇంకా జోడించినట్టే ఉన్నాయి. విడదీయడం మరచిపోయింది.

కేసు విచారణకు వచ్చిన రోజు హజరత్తయ్య బోను ఎక్కి పోలీసులకు చెప్పింది చెప్పలేదు. జరిగింది చెప్పాడు. హారను విన్నాననీ, దిగడానికి వ్యవధి ఉండిందనీ, పంతం కొద్దీ దిగలేదనీ, పాత డ్రైవరుతో నెలల తరబడి ఇట్లాగే చేశాననీ చెప్పాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి అతన్ని చూశాడు.

"పక్కన మట్టి నానిందని నీకు తెలుసా?"

"తెలుసండి. అందుకే నేను దిగలా."

కోర్టులో ఎవరూ నవ్వలేదు.

సమాధానం మీద కేసు కొట్టేశారు. అయితే ఒంటికాలి మనిషికి స్టీరింగు ఎవరిస్తారు? చంకకర్రలతో భార్య భుజం పట్టుకుని మెట్లు దిగి, హజరత్తయ్య పక్కనుంచే పోయాడు. పలకరించలేదు. హజరత్తయ్య మాత్రం వరండాలో నిలబడే ఉన్నాడు. తన పేరు పిలుస్తారని, తీసుకుపోతారని ఎదురు చూశాడు. సాయంత్రం తలుపులు వేయడానికి వచ్చిన బంట్రోతు అతన్ని చూసి ఎవరి కోసమని అడిగాడు.

"నన్నేం చేస్తారన్నా?"

"నిన్నేం చేస్తారు? నీ మింద కేసెక్కడుండాది? ఇంటికి పో."

ఇంటికి పోయాడు. ఆ పోవడమే అతనికి కష్టమైంది.

నీ తప్పేముందన్న ఊరే ఇప్పుడు ముఖం చాటేసింది. పద్మనాభయ్య తన మాట కాదన్నందుకు మండిపడ్డాడు. టీ అంగట్లో నవ్విన వాళ్ళు, కిటికీలోంచి కేకలేసిన వాళ్ళు ఎవరికీ ఆ నవ్వులు గుర్తు లేవు. "బామ్మర్దిని మింగినోడు" అన్నారు. అన్నవాళ్ళలో చాలామంది అతని పంతాన్ని అరుగుల మీద మెచ్చుకున్నవాళ్ళే. పాలు మాత్రం పోయక తప్పదు. అతను రోజూ అదే రోడ్డు మీద పోయాడు. వెనక ఏ చప్పుడైనా, అది ఖాళీ ఎద్దుల బండి అయినా, దూరం నుంచే దిగి మట్టిలో నిలబడేవాడు. మట్టిలో దిగి రెండుసార్లు పడ్డాడు కూడా. గంగులయ్య బస్సులోంచి అది చూసి తల తిప్పుకునేవాడు. ఇప్పుడతను తిట్టేవాడు కాదు.

ఏడాది తిరిగి పోలేరయ్య సంవత్సరీకం వచ్చింది. ఆ ముందు రోజు మధ్యాహ్నం ఆదిశేషమ్మ ముఖం కడుక్కుని, కూతుర్ని పక్కింట్లో వదిలి, సైకిలు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాయమ్మ దగ్గరికి పోవాల. తీసకపో."

ఇన్నాళ్ళ తర్వాత తనంతట తాను అన్న మొదటి మాట అది. హజరత్తయ్య క్యారియరు మీద గోనెపట్టా మడిచి వేశాడు. ఆమె కొంగు నడుముకు బిగించి కూర్చుంది. ఊరు దాటారు. సముద్రం వైపు మబ్బు నల్లగా పేరుకుంటోంది. ఎదురుగా బస్సు కనిపించగానే అతను దిగాడు. ఆమె కూడా దిగింది. బస్సు ఇద్దరి మీదా దుమ్ము పోసి వెళ్ళిపోయింది. అతను మళ్ళీ ఎక్కబోతే ఆమె కదలలేదు.

"నడస్తా," అంది.

ఆమె ముందు, సైకిలు తోసుకుంటూ అతను వెనక. అట్లాగే ఊరు చేరారు. దారిలో ఒకసారి ఆమె ఆగింది, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"వాడు నవ్వతా ఉణ్ణాడా? ఆ కిటికీలో?"

"నవ్వతానే ఉణ్ణాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది.

అత్తగారింటి దడి దగ్గర హజరత్తయ్య నిలబడిపోయాడు. పోలేరయ్య పోయిన నాటి నుంచి ఆ గుమ్మం అతను తొక్కలేదు. ఆదిశేషమ్మ లోపలికి పోయింది. లోపల తల్లీ కూతుళ్ళ ఏడుపు వినబడి, ఆగి, మళ్ళీ వినబడింది. వాన చినుకులు మొదలయ్యాయి. అతను కదలలేదు. కాసేపటికి ముసలామె గడప మీదికి వచ్చింది. అల్లుణ్ణి చూసింది. అతని చేతిలోని సైకిలును చూసింది. చాలాసేపు దాన్నే చూసింది.

"దాన్ని బయటే పెట్టి రా," అంది.

హజరత్తయ్య సైకిల్ని దడికి ఆనించి తల వంచుకుని లోపలికి నడిచాడు. ముసలామె ఒక మూల చాప పరిచింది. అతనికి ఎదురుగా కూర్చోలేదు, పొమ్మనీ అనలేదు. వాన పెద్దదైంది. పొద్దుగూకినా తగ్గలేదు. తెల్లారి పాలు నెల్లూరు చేరాలంటే చీకటితోనే లేచి, ఆ తడిసిన సైకిలే ఎక్కి, కొత్తపాళెంలో పాలు పితుక్కుని, అదే రోడ్డున పోవాలి. అతను మోకాళ్ళు ముడుచుకుని, వాన చప్పుడు వింటూ అట్లాగే కూర్చున్నాడు.